బిల్డింగ్‌కి మెరక, మనకి పల్లమా?

"నీరు పల్లమెరుగు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. వాన ఏ మేడ మీద పడినా ఆ నీళ్లు చివరికి పల్లానికే చేరతాయి. ఇది చదువుతున్న మీలో చాలామంది ఆ పల్లంలోనే పని చేస్తున్నారు. కొంతమంది ఆ పల్లంలోనే పడుకుంటున్నారు కూడా. అందుకే జీతం, ఓటీ, టికెట్ సంగతులు ఈసారికి కాస్త పక్కన పెట్టి నేల ఎత్తు గురించి మాట్లాడుకుందాం. అది ఇంజినీర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఆ ఎత్తు తప్పితే ముందు తడిసేది మనమే.

ఉమ్ ఘువైలినా మెట్రో స్టేషన్ నుంచి బయటికొచ్చి ఒకసారి చుట్టూ చూడండి. పాత చిన్న ఇళ్లు, వాటి మధ్యలో కొత్తగా లేచిన హోటళ్లు, అపార్ట్‌మెంట్లు. సముద్రం ఎంతో దూరంలో లేదు. కొత్త బిల్డింగ్‌లోకి వెళ్లాలంటే రెండు మూడు మెట్లు ఎక్కాలి. కొన్ని పాత ఇళ్ల గదుల్లోకి వెళ్లాలంటే రోడ్డు మీది నుంచి కిందికి దిగాలి. ఆ మెట్లెక్కే బిల్డింగ్‌ని మెరక చేసింది మన చేతులే. దిగే గదిలో అద్దెకుంటున్నదీ మనలాంటి వాళ్లే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బిల్డింగ్ కింద నేలకి ఎన్ని పరీక్షలు చేస్తారో, ఆ నేల తయారు చేసే మనిషి ప్రాణానికీ, అతను పడుకునే గదికీ అన్ని పరీక్షలు జరగాలి. ఇది ఎవరో దయతో ఇచ్చేది కాదు. అడిగి తీసుకోవాల్సింది.

నేల తయారు చేయడం అంటే

సైట్‌లో పని చేసే వాళ్లకి ఇది తెలిసిందే. ఇళ్లల్లో పని చేసే అక్కచెల్లెళ్ల కోసం కొంచెం చెబుతాను. సముద్రపు ఒడ్డున బిల్డింగ్ కట్టేముందు ఆ స్థలాన్ని చదును చేసి, నీళ్లకి అందనంత ఎత్తుకి లేపుతారు. మన గోదావరి జిల్లాల్లో మెరక తోలించడం అంటామే, అదే పని. ఇక్కడ దఫాన్ అంటారు. ముందు పైనున్న పనికిరాని మట్టి, చెత్త తీసేస్తారు. ఒడ్డు దగ్గర సబ్ఖా అనే ఉప్పు నేల ఉంటుంది. ఎండినప్పుడు పైకి పెంకులా గట్టిగా కనిపిస్తుంది, తడిస్తే మెత్తబడి బరువు మోయదు. దాన్ని తీసేయాలి, లేదంటే బాగు చేయాలి. తర్వాత మంచి మట్టి తెచ్చి పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పుతారు. ఒక్కో పొర సుమారు జానెడు, మహా అయితే మూరెడు లోపు. ఒక పొర పరీక్ష పాసైతేనే రెండోది వేయాలి. ల్యాబ్‌లో ఆ మట్టి ఎంత గట్టిపడగలదో చూసి, సైట్‌లో కనీసం అందులో 95 శాతం రావాలని మామూలుగా అడుగుతారు.

ఎత్తు కూడా కంటి అంచనా కాదు. సర్వేయర్ బెంచ్ మార్క్ నుంచి లెవెల్ తెస్తాడు. ఇక్కడ ఎత్తులన్నీ ఖతర్ నేషనల్ హైట్ డేటమ్ అనే ఒకే కొలత మీద ఆధారపడి ఉంటాయి. డ్రాయింగ్‌లో మిల్లీమీటర్ల లెక్క ఉంటుంది. నేల వాలు బిల్డింగ్ నుంచి బయటికి పోవాలి, లోపలికి రాకూడదు. స్టాఫ్ పట్టుకుని ఎండలో నిలబడే హెల్పర్‌కి ఈ సంగతి ఇంజినీర్ కంటే తక్కువేం తెలియదు.

ఇక దోహాలో ఇంకో ఇబ్బంది ఉంది. చాలాచోట్ల కొద్ది లోతులోనే నీళ్లు పడతాయి. పునాది కోసం తవ్వితే గుంటలోకి ఊట వస్తుంది. పంపులు పెట్టి రాత్రింబవళ్లు తోడుతూ ఉండాలి, దానినే డీవాటరింగ్ అంటారు. కింద సున్నపురాయి, పైన ఊట, ఊరంతా చదును. కాబట్టి పెద్ద వాన పడితే నీళ్లు ఇంకవు, పారవు, నిలబడిపోతాయి.

ఎడారిలో వరదేంటి అనకండి

దోహాలో ఏడాది మొత్తం పడే వాన సగటున 75 నుంచి 80 మిల్లీమీటర్లు. 2018 అక్టోబర్ 20న అబూ హమూర్‌లో ఒక్కరోజులో సుమారు 84 మిల్లీమీటర్లు పడింది. ఏడాది వాన ఒక్కరోజులో కురిసిందన్నమాట. సొరంగ మార్గాలు మునిగాయి, కార్లు తేలాయి. అంతకుముందు 2015 నవంబర్ 25న కూడా ఇలాగే జరిగింది. అప్పుడు కొత్త ఎయిర్‌పోర్ట్‌లో కూడా నీళ్లు కారాయి. పనులు సరిగ్గా చేయని కాంట్రాక్టర్ల మీద విచారణ జరపాలని ప్రభుత్వమే ఆదేశించింది.

అంటే వాన అరుదు, కానీ వస్తే ఇలా వస్తుంది. అరుదు కాబట్టే అందరూ మర్చిపోతారు. ప్రోగ్రాం వెనకబడిందంటే ముందు కోత పడేది నేల పని మీదే. రెండు పొరలు కలిపి ఒకే పొరగా పోసేయమంటారు. రిపోర్ట్ రాకముందే పై పొర వేయించేస్తారు. గుంటకి దన్ను కట్టకుండా మనిషిని దింపుతారు. పైన కనిపించేది ఏదీ కాదు కదా, మట్టి కప్పేస్తే ఎవరికి తెలుస్తుంది అనే ధీమా. ఆ తొందర ఖర్చు రెండుసార్లు పడుతుంది. గుంటలో దిగిన మనిషి మీద ఒకసారి, వాన వచ్చినప్పుడు అక్కడ ఉండేవాళ్ల మీద మరోసారి.

ఒక గుంట కథ

2018 అక్టోబర్ వాన మర్నాడు నేను ఒక సైట్‌లో ఉన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. సుమారు మూడు మీటర్ల గుంట, సగం నీళ్లు. పంపు మునిగిపోయింది. ఫోర్‌మన్ వచ్చి ఇద్దరిని దిగి పంపు పైకి లాగమన్నాడు. దిగడానికి కదిలింది జగిత్యాల వైపు కుర్రాడు, వచ్చి నాలుగు నెలలు కాలేదు. పొక్లెయిన్ నడిపే పెద్దాయన ఇంజిన్ ఆపి కిందికి దిగి, ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని అన్నాడు: "ఆగరా తమ్మీ. గోడ నీళ్లు తాగింది. తాగినోడు నిలబడడు." ఫోర్‌మన్ కేకలేశాడు. పెద్దాయన కదల్లేదు. అంతలో ఇంకో నలుగురం పక్కన నిలబడ్డాం. అరగంటకి సేఫ్టీ ఆఫీసర్ వచ్చాడు, కరెంట్ తీయించాడు, పంపుని క్రేన్ బెల్టుతో లాగించాడు. మధ్యాహ్నం డ్యూటీ లోపు ఆ గోడ ఒక పక్క జారి గుంటలో పడింది. ఎవరూ లేరు కాబట్టి అది వార్త కాలేదు.

ఆ పెద్దాయన చట్టం చదవలేదు. కానీ ఆయన చేసింది చట్టం ఒప్పుకునే పనే. ఘనమీటరు మట్టి బరువు టన్నున్నర పైనే ఉంటుంది. ఛాతీ దాకా కప్పితే ఛాతీ బిగిసి ఊపిరి ఆడదు. చుట్టూ ఉన్నవాళ్లు పారలతో తీసేలోపు అయిపోతుంది. అందుకే ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. అమెరికా భద్రతా నిబంధనల్లో అయిదు అడుగుల, అంటే సుమారు మీటరున్నర లోతు దాటిన గుంటకి, గట్టి రాయి అయితే తప్ప, దన్ను గానీ వాలు గానీ ఉండాలి. తవ్విన మట్టి అంచుకి కనీసం రెండు అడుగుల దూరంలో పోయాలి. నాలుగు అడుగులు దాటితే నిచ్చెన ఉండాలి, అది మనిషికి పాతిక అడుగుల లోపు అందాలి. ప్రతిరోజూ పని మొదలయ్యే ముందు, వాన పడిన తర్వాత మళ్లీ, తెలిసినవాడు గుంటని చూసి ఒప్పుకోవాలి. ఇవి అక్కడి అంకెలు. కానీ దేశం మారితే మట్టి బరువు మారదు కదా.

నీళ్లలో మునిగిన పంపు కేబుల్‌ని మామూలు కేబుల్ అనుకోకండి. బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఈఎల్‌సీబీ ఉందా, పని చేస్తోందా అని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. పంపు ముట్టుకునే ముందు కరెంట్ తీసి, స్విచ్‌కి తాళం పడాలి. ఇక ఎండాకాలంలో గుంటలో గాలి ఆడదు, పైనున్న దానికంటే ఉక్క ఎక్కువ. 2021 నుంచి ఉన్న నియమం ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా బయట పని చేయించకూడదు. ఏ కాలమైనా, ఏ గంటైనా, వేడి కొలిచే డబ్ల్యూబీజీటీ మీటర్ 32.1 డిగ్రీలు దాటితే పని ఆపాలి. ఆ 32.1 మన ఫోన్‌లో కనిపించే ఎండ అంకె కాదు. తేమ, ఎండ, గాలి అన్నీ కలిపిన లెక్క. మీ సైట్‌లో ఆ మీటర్ ఎక్కడుందో రేపే చూడండి. గుంట పని వాళ్లకి దూరంగా ఆఫీస్ కంటైనర్ నీడలో ఉంటే అది ఎందుకు?

ఇళ్లల్లో పని చేసే అక్కలకి

ఇది మగాళ్ల సైట్ గొడవ అని మీరు పేజీ తిప్పకండి. విల్లాల్లో పనిమనిషి గది, డ్రైవర్ గది ఎక్కడుంటాయి? చాలాచోట్ల వెనక వైపు, కాంపౌండ్ గోడ పక్కన, లేకపోతే బేస్‌మెంట్‌లో. హాలు నేల ఎత్తుగా ఉంటుంది, మన గది నేల కిందికి ఉంటుంది. వాన వస్తే మీ మంచం కింద నుంచి నీళ్లు మొదలవుతాయి. మీ బట్టలు, పాస్‌పోర్ట్ జిరాక్స్, ఇంటికి పంపాలని దాచుకున్న సామాను తడిసినా మీరు మాత్రం వైపర్ పట్టుకుని మదామ్ హాల్లో నీళ్లు తోస్తూ ఉంటారు. తెల్లవార్లూ తోసినా దాన్ని ఎవరూ డ్యూటీ అనరు.

2017 నాటి 15వ నంబర్ చట్టం మీ కోసం ఉంది. రోజుకి పది గంటలకి మించి పని చేయించకూడదు, తిండికీ విశ్రాంతికీ ఇచ్చే సమయం అందులో కలపకూడదు. వారానికి ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వాలి. ఉండడానికి సరైన చోటు ఇవ్వాలి. ఇంట్లోకి నీళ్లు వచ్చిన రోజు అందరిలో ముందు మీరు చెప్పాల్సిన మాట ఒకటుంది: "మెయిన్ ఆఫ్ చేయండి, తర్వాత తోస్తాను." తడి నేల మీద ప్లగ్ బోర్డు ఉండగా చెప్పుల్లేకుండా నీళ్లలోకి దిగకండి. ఆ మాట చెప్పడం ఎదురుచెప్పడం కాదు. మదామ్ పిల్లల ప్రాణం కూడా అందులోనే ఉంది, అలాగే చెప్పండి.

గది ఎత్తు కూడా లెక్కే

కార్మికుల గదుల గురించి ఇక్కడ 2014లో ఒక మంత్రి నిర్ణయం వచ్చింది. మనిషికి కనీసం ఆరు చదరపు మీటర్లు ఉండాలి, గదిలో నలుగురికి మించి ఉండకూడదు. మంచాలు లెక్కపెట్టడం మనం నేర్చుకున్నాం. గడప ఎత్తు చూడడం ఇంకా నేర్చుకోలేదు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్నవాళ్లకి వాన పడినప్పుడు రోడ్లు ఎలా చెరువులయ్యేవో చెప్పక్కర్లేదు. బస్సు రాదు, సైట్‌కి వెళ్లలేం, కానీ టైమ్ షీట్‌లో ఆబ్సెంట్ పడుతుందేమో అని భయం.

ఒక టవర్ కింద నేలని పొర పొరకీ పరీక్ష చేసే దేశంలో ఆ టవర్ కట్టే మనిషి పడుకునే గది ఏ లెవెల్‌లో ఉందో కొలవడానికి ఏం అడ్డం? సర్వేయర్లు ఉన్నారు, మిషన్లు ఉన్నాయి, బెంచ్ మార్కులు ఉన్నాయి. ఒక పూట పని. క్యాంప్ బాస్, కంపెనీ, ప్రభుత్వ తనిఖీ అధికారి, ఎవరైనా సరే, గది తనిఖీ కాగితంలో మంచాల పక్కన ఇంకో గడి పెట్టాలి: గది నేల రోడ్డు కంటే ఎంత ఎత్తు? నీళ్లు ఎటు పోతాయి? కరెంట్ బోర్డు నేలకి ఎంత పైన ఉంది? ఈ మూడు ప్రశ్నలకి జవాబు లేని గదికి పాస్ వేయకూడదు.

సంతకం పెట్టే ముందు

పొద్దున టూల్ బాక్స్ టాక్ అయ్యాక కాగితం చేతికిస్తారు. ఇంగ్లీషులోనో అరబ్బీలోనో ఉంటుంది. వెనక యాభై మంది నిలబడి ఉంటారు, మనం గబగబా సంతకం పెట్టేస్తాం. ఆ కాగితం విలువ మనకి తెలియదు, కంపెనీకి తెలుసు. 2004 నాటి లేబర్ చట్టం ప్రకారం పని మొదలుపెట్టేటప్పుడే అందులో ఉన్న ప్రమాదాలేంటో, ఎలా కాపాడుకోవాలో యజమాని చెప్పాలి. రక్షణ ఏర్పాట్ల ఖర్చు అతనిదే. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు అతనిదే. వైద్యం జరిగేటప్పుడు ఆరు నెలల దాకా పూర్తి జీతం, ఆ తర్వాత సగం జీతం రావాలి. కానీ అదే చట్టంలో ఇంకో మాట ఉంది: కార్మికుడు కావాలని భద్రతా సూచనలు ఉల్లంఘించాడని రుజువైతే పరిహారం రాకపోవచ్చు. "దన్ను లేని గుంటలో దిగవద్దని చెప్పాం, ఇదిగో సంతకం" అని ఆ రోజు చూపించే కాగితం ఇదే. దిగమన్నది వాళ్లే, దిగవద్దని కాగితం రాసుకున్నదీ వాళ్లే.

కాబట్టి అర్థం కాకపోతే "ఇందులో ఏముంది?" అని అడగండి. హిందీలో అయినా చెప్పమనండి. కాగితంలో ఒక మాట, ఫోర్‌మన్ నోట ఇంకో మాట వస్తే, కాగితం మాటే చేస్తామనండి.

అడిగితే పంపేస్తారేమో

ఈ భయం నాకు తెలుసు. ఏజెంట్‌కి కట్టిన లక్ష, లక్షన్నర అప్పు ఇంకా తీరలేదు. వడ్డీ నడుస్తోంది. ఇంటి దగ్గర చిట్టీ ఉంది. ఈ పరిస్థితిలో ఉన్న మనిషికి "ధైర్యంగా ఎదిరించు" అని నీతులు చెప్పడం తేలిక. నేను అలా చెప్పను. ఒక్కడివే వెళ్లి ఫోర్‌మన్‌తో గొడవ పడకు అనే చెబుతాను.

చట్టం మాత్రం కొంత మారింది. ప్రమాదం ఉందని తెలిసి కూడా యజమాని సరిచేయకపోతే నోటీసు లేకుండా పని వదిలేసే హక్కు లేబర్ చట్టంలోనే ఉంది. వేడి వల్ల ప్రాణానికి ముప్పు ఉందని సహేతుకంగా అనిపిస్తే పని ఆపి ఫిర్యాదు చేసే హక్కు 2021లో వచ్చింది. 2020 నుంచి ఎన్‌ఓసీ లేకుండా కంపెనీ మారొచ్చు. రెండేళ్ల లోపు పని చేసినవాళ్లు ఒక నెల, పైబడినవాళ్లు రెండు నెలలు నోటీసు ఇవ్వాలి. కాగితం మీదున్నది చేతికి రావడానికి తిరగాల్సి వస్తుంది, ఆ మాట దాచడం లేదు. అయినా కాగితం లేని రోజులకంటే ఇది మెరుగు.

దారి ఇలా పట్టండి. ముందు నలుగురు మాట్లాడుకోండి. ఆ పెద్దాయన ఒక్కడే నిలబడితే ఏమయ్యేదో, పక్కన నలుగురం చేరాక ఏమైందో పైన చెప్పాను. కంపెనీలో ఎన్నికైన కార్మిక ప్రతినిధుల జాయింట్ కమిటీ ఉంటే వాళ్ల ద్వారా రాతపూర్వకంగా చెప్పండి. మీ దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి: తేదీ, టైము, సైట్, గుంట లోతు, దన్ను ఉందా లేదా, ఎవరు దిగమన్నారు. సైట్‌లో ఫొటోలు తీయడం నిషేధం అయితే దానివల్ల మీకే చిక్కు, నోట్‌బుక్‌కి ఆ చిక్కు లేదు. కదలిక లేకపోతే లేబర్ మినిస్ట్రీకి, మన ఎంబసీకి, ఎంబసీ ఆధ్వర్యంలోని ఐసీబీఎఫ్‌కి వెళ్లండి. ప్రమాదం జరిగితే ముందు 999, తర్వాతే మిగతావన్నీ.

మన ఊరి గడప

చివరిగా ఒక మాట. ఇక్కడ సంపాదించిన డబ్బుతో మనలో చాలామంది ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నాం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడని బుడమేరు, ఖమ్మాన్ని మున్నేరు ముంచాయి. చవకగా వచ్చిందని పల్లంలో జాగా కొని, పదేళ్ల గల్ఫ్ కష్టం ఒక్క రాత్రిలో నీళ్లపాలు చేసుకున్న ఇళ్లు మనవాళ్లవి ఎన్నో. ఖతర్‌లో మిల్లీమీటర్ లెక్కన లెవెల్ పట్టే మీరు, ఊళ్లో మేస్త్రీకి ఫోన్ చేసి రంగులు, టైల్స్ అడుగుతారు. ముందు వరద గుర్తు ఎక్కడిదాకా వచ్చిందో ఊరి పెద్దల్ని అడగండి. దానికి పైన మెరక తోలించండి. పొర పొరకీ నీళ్లు చల్లి గట్టిపరచమనండి. మీకు వచ్చిన పని ఇదే, మీ ఇంటికి మీరే కన్సల్టెంట్.

ఇంకొకరి బిల్డింగ్‌ని నీళ్లకి అందకుండా లేపడం మనకి వచ్చు. మన గదిని, మన ఇంటిని, మన ప్రాణాన్ని కూడా ఆ ఎత్తుకి లేపుకోవాలి. రేపు సైట్‌కి వెళ్లగానే గుంట అంచున ఒక్క నిమిషం ఆగండి. దన్ను చూడండి, నిచ్చెన చూడండి, కేబుల్ చూడండి. పక్కన కొత్త కుర్రాడు తొందరపడుతుంటే చెయ్యి పట్టుకుని ఆపండి.